డబ్బు ఇచ్చేదాకా టెస్ట్ రిపోర్టు ఆపుకోవచ్చా?

ప్రశ్న:

అన్నగారికి నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఐటీఐ చేసి పదేళ్ళుగా ఇళ్ళ వైరింగు పనులు చేస్తున్నాను. వైర్‌మన్ పర్మిట్ ఉంది, కాంట్రాక్టర్ లైసెన్సు లేదు. పోయినేడాది తెనాలిలో ఒక జీ ప్లస్ వన్ ఇంటికి వైరింగు ఒప్పుకున్నాను. కాగితం ఏమీ రాసుకోలేదు, మాట మీదే. లేబరు 1,30,000. పైపులు, వైర్లు ఇంటాయనే కొన్నారు. మెయిన్ బోర్డు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చిలు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసేది), ఎర్తింగు సామాను మాత్రం షాపులో నా ఖాతా మీద నేను తెచ్చాను, 46,000 అయింది. మధ్యలో ఇంటావిడ ఏసీ పాయింట్లు, పూజగదిలో లైట్లు, గేటు లైట్లు, బోరు మోటారు లైను అదనంగా పెట్టించారు. వాటికి 22,000 వేశాను. మొత్తం 1,98,000లో విడతలుగా 1,20,000 ముట్టింది. మిగతా 78,000 అడిగితే "ఎక్స్‌ట్రా పనులు నేను చెప్పలేదు, పాయింట్ల లెక్కలో తేడా ఉంది, గృహప్రవేశం కానీ చూద్దాం" అంటున్నారు.

ఇప్పుడు టెంపరరీ మీటరు తీసి పర్మనెంటు మీటరు పెట్టించుకోవాలి. దానికి వైరింగు పరీక్షించాం, బాగుంది అని లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ సంతకంతో టెస్ట్ రిపోర్టు కావాలి. నాకు తెలిసిన ఒక కాంట్రాక్టర్ గారు డబ్బు తీసుకుని పెడుతుంటారు. బాకీ తీరిస్తేనే రిపోర్టు అన్నాను. ఇంటాయన "1,500 పడేస్తే ఎవడైనా పెడతాడు" అన్నారు. తోటివాళ్ళేమో వెళ్ళి ఎంసీబీలు పీక్కొచ్చేయమంటున్నారు. షాపువాళ్ళు రోజూ ఫోను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. రిపోర్టు ఆపవచ్చా? ఎంసీబీలు తెచ్చేసుకోవచ్చా? డబ్బు ఎలా వస్తుంది? పని మాత్రం బాగా చేశాను, అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. మూడు వారాల్లో గృహప్రవేశం. నన్నూ పిలిచారు. వెళ్ళాలా?

— ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం:

తమ్ముడూ, నీ ఉత్తరంలో డబ్బు లెక్క రూపాయితో సహా ఉంది. వైర్ల ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ మాట ఒక్కసారీ లేదు. "అన్ని లైట్లూ వెలుగుతున్నాయి" అన్నావు. ఎర్తు తెగిపోయి ఉన్నా లైట్లు వెలుగుతాయి. ఫేజుకు బదులు న్యూట్రల్‌ని స్విచ్చిలోంచి తిప్పినా వెలుగుతాయి. లైట్లు వెలగడం టెస్టింగు కాదని నీకు నేను చెప్పాల్సిన పని లేదు. డబ్బు బాధలో ఆ సంగతి మరిచిపోయావని అనుకుంటున్నాను. దాని దగ్గరకు మళ్ళీ వస్తాను. ముందు నువ్వు అడిగినవి.

రిపోర్టు ఆపవచ్చా అన్నావు. అసలు ఆ రిపోర్టు నీ చేతిలో ఉందా? సంతకం లైసెన్సు కాంట్రాక్టర్‌ది. ఆయన ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి మార్చడం లాంటి చిన్న పనులు పక్కన పెడితే, వైరింగు పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయించాలి, సర్టిఫికెట్ ఉన్న సూపర్‌వైజర్ దగ్గరుండి చూడాలి, పర్మిట్ ఉన్నవాడు చెయ్యాలి. ఇది 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లోనే ఉంది. వాటి స్థానంలో సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2010లో, మళ్ళీ 2023లో భద్రతా నిబంధనలు తెచ్చింది. అవన్నీ ఇదే మాట చెబుతాయి. ఈ మూడంచెల్లో నువ్వు చివరి మెట్టు. పని మొత్తం నీ పేరు మీద ఒప్పుకుని, చివర్లో పై మెట్టువాడి సంతకం కొనుక్కుంటున్నావు. ఇది నీ ఒక్కడి తప్పని అనను, మన జిల్లాల్లో చాలా ఇళ్ళకి ఇలాగే మీటర్లు వచ్చాయి. కానీ గొడవ ముదిరితే అవతలి వకీలు మొదట పట్టుకునేది ఇదే. నీది కాని కాగితాన్ని ఆపుకుని బాకీ అడుగుతున్నావని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

చట్టం కూడా నీ వైపు గట్టిగా లేదు. దర్జీకి బట్ట ఇచ్చి కుట్టించుకుంటే, కూలి ఇచ్చేదాకా చొక్కా తన దగ్గర ఉంచుకునే హక్కు అతనికి ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 170వ సెక్షన్ అదే. రేడియో బాగుచేసేవాడికీ, మెకానిక్‌కీ అంతే. కానీ అది తన చేతికి అప్పగించిన వస్తువు మీద హక్కు. ఇల్లు నీకు ఎవరూ అప్పగించలేదు. వాళ్ళ ఇంట్లోకి వెళ్ళి పనిచేశావు, పనంతా గోడలోపల ఉండిపోయింది. ఆపుకోవడానికి నీ దగ్గర వస్తువేదీ లేదు.

"టెస్టింగు అయ్యాక బాకీ చెల్లించాలి, చెల్లించాక రిపోర్టు" అని మొదట్లోనే రాసుకుని ఉంటే కథ వేరు. ఏది ముందు జరగాలో, ఏది తర్వాతో ఒప్పందంలో ఉంటే, ముందు జరగాల్సింది జరగనప్పుడు నువ్వు ఆగిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. మాట మీద ఒప్పుకున్నప్పుడు, రిపోర్టు ఇవ్వడం కూడా నీ పనిలో భాగమేనని ఆయన అంటాడు, కాదని నువ్వు నిరూపించలేవు. పైగా ఇంటాయన అన్నమాట నిజం. 1,500 ఇస్తే ఇంకొకరు పెడతారు. నీ దగ్గరున్న ఆయుధం ఖరీదు అంతే. అంత చవకబారు ఆయుధంతో 78,000 రాబట్టలేవు. ఆ సంతకానికి అంత తక్కువ ధర ఎందుకుందో కూడా ఆలోచించు. ఇల్లు చూడకుండా పెట్టే సంతకానికి అంతకన్నా ఎవరిస్తారు?

ఇక ఎంసీబీలు. వద్దు. ఈ సలహా ఇచ్చినవాళ్ళలో నీతోపాటు పోలీసు స్టేషన్‌కి వచ్చేవాడు ఒక్కడూ ఉండడు. గోడకి బిగించేశాక ఆ సామాను ఇంటిలో భాగం. షాపులో అప్పు నీ పేరు మీద ఉన్నా, నీకు రావాల్సింది దాని ఖరీదే, ఆ వస్తువు కాదు. చెప్పకుండా లోపలికి వెళ్ళి విప్పితే దొంగతనం కేసు, ఇంట్లో చొరబడ్డావన్న కేసు. ఈ రోజుదాకా బాకీ ఎగ్గొట్టినవాడు ఆయన. బోర్డు మూత తీసిన మరుక్షణం నుంచి ముద్దాయివి నువ్వు. నీ 78,000 ఆ కేసులో పెట్టుబడి అయిపోతుంది.

సరే, ఇప్పుడు మెగ్గర్ సంగతి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట నేనూ నీలాగే ఒక ఇంటి రిపోర్టు ఆపాను. అప్పటికి నాకు లైసెన్సు ఉంది, సంతకం నాదే, గట్టిగా ఆపాను. వారం తిరక్కముందే ఆ ఇంటాయన వేరే సంతకంతో మీటరు తెచ్చుకున్నాడు. డబ్బు పోయిందనుకుని వదిలేశాను. కొన్ని నెలలకి ఆ ఇంట్లో పనిమనిషికి వాషింగ్ మెషిన్ దగ్గర షాకు కొట్టిందని తెలిసింది. ప్రాణం దక్కింది, అదృష్టం. వెళ్ళి చూస్తే వంటింటి సర్క్యూట్‌లో న్యూట్రల్, ఎర్తు ఒక బాక్సులో కలిసిపోయి ఉన్నాయి. కలిపింది నా కుర్రాడే. దానివల్ల ఈఎల్‌సీబీ (నీ ఆర్‌సీసీబీ లాంటిదే) మాటిమాటికీ పడిపోతుంటే, ఎవరో వచ్చి దాన్ని తప్పించి నేరుగా వైరు కలిపేశారు. టెస్టింగు చేసి ఉంటే ఆ కలిసిన తీగ నాకు పది నిమిషాల్లో దొరికేది. డబ్బు గొడవలో పడి నేను ఆ పది నిమిషాలు పెట్టలేదు. ఆ బాకీ ఎంతో ఇప్పుడు నాకు గుర్తు లేదు. ఆ పనిమనిషి మొహం గుర్తుంది.

అందుకని నువ్వు ముందు చేయాల్సింది ఇది. డబ్బుతో సంబంధం లేకుండా ఆ ఇంటిని టెస్ట్ చెయ్యి. మెయిన్ ఆపు. ఆపావని టెస్టర్ మాట నమ్మకుండా మల్టీమీటరుతో చూసుకో. బల్బులు, ఎల్‌ఈడీ డ్రైవర్లు, ఫ్యాను రెగ్యులేటర్లు, ప్లగ్గుల్లో పెట్టినవి అన్నీ తీసెయ్యి. ఆర్‌సీసీబీని విడదీసి, న్యూట్రల్ లింకులోంచి ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్ విడిగా పట్టుకో. 500 వోల్టుల మెగ్గర్ పెట్టి ఫేజుకీ ఎర్తుకీ మధ్య, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒక్కొక్క నిమిషం చూడు. నిబంధన అడిగేది కనీసం 1 మెగాఓమ్. కానీ కొత్త పీవీసీ వైరుతో చేసిన కొత్త ఇంట్లో పదులు, వందల మెగాఓములు రావాలి. రెండో మూడో వస్తే "ఒకటి దాటిందిగా" అని సరిపెట్టుకోకు. ఎక్కడో వైరు గీరుకుపోయింది, లేదా పైపులో నీళ్ళు నిలిచాయి, లేదా వడ్రంగి మేకు దిగింది. వానాకాలంలో తడి ప్లాస్టరింగు మీద ఫిట్టింగు చేసిన ఇళ్ళలో ఇది మామూలే. నాలుగు రోజులు ఆరనిచ్చి మళ్ళీ చూస్తే తేలిపోతుంది.

తర్వాత ప్రతి ప్లగ్గు దగ్గరా ఎర్తు కొన దాకా తగులుతోందో లేదో చూడు. ముఖ్యంగా గీజరు, వాషింగ్ మెషిన్, బోరు మోటారు. మోటారు లైను మధ్యలో కలిపిన పని అన్నావు కాబట్టి దానిమీద నాకు అనుమానం ఎక్కువ. అదనపు పనుల్లోనే ఎర్తు వైరు మరిచిపోతాం, ఎందుకంటే అవి సాయంత్రం ఇంటికెళ్ళే ముందు "ఇది కూడా ఒకటి లాగెయ్యి బాబూ" అంటే చేసే పనులు. ఇంకొకటి. ఆర్‌సీసీబీ మీద ఉన్న బటన్ నొక్కితే పడిందని ఎర్తు బాగుందనుకోకు. ఇంట్లో ఎర్తు అసలు లేకపోయినా ఆ బటన్ నొక్కితే అది పడుతుంది. బటన్ చెప్పేది ఆ పరికరం పనిచేస్తోందని మాత్రమే. ఇళ్ళకి 30 మిల్లీఆంపియర్లది పెట్టాలి. నువ్వు తెచ్చింది 100ది అయితే మార్చు, నీ ఖర్చుతోనే మార్చు.

ఇదంతా ఒక నోటు పుస్తకంలో సర్క్యూట్ పేరు, రీడింగు, తేదీ వేసి రాయి. ఎక్కడైనా ప్రమాదం కనిపిస్తే, బాకీ తీరినా తీరకపోయినా, ఇంటాయనకి రాతపూర్వకంగా చెప్పు. వాట్సాప్ మెసేజీ చాలు. "ఫలానా చోట ఎర్తు లేదు, నేను సరిచేసేదాకా వాడొద్దు" అని. బాగుచేసి రా. నువ్వు చేసిన పనిలో లోపంవల్ల మనిషి పోతే అది నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు. పాత శిక్షాస్మృతిలో రెండేళ్ళే ఉండేది. నాకు డబ్బు ఇవ్వలేదు కాబట్టి టెస్ట్ చెయ్యలేదంటే ఏ జడ్జీ వినడు.

అలాగని సంతకాన్ని కొనుక్కోవద్దు. ఆ కాంట్రాక్టర్ గారిని ఒక పూట ఇంటికి తీసుకెళ్ళు. నీ రీడింగులు చూపించు, రెండుమూడు సర్క్యూట్లు ఆయన చేత మళ్ళీ పెట్టించు. చూసి పెట్టిన సంతకానికి ఎక్కువ అడిగితే ఇవ్వు, అది న్యాయమైన కూలి. రానంటే, ఇంకొకరిని వెతుక్కో.

ఇప్పుడు డబ్బు. మూడు వారాలుంది. గృహప్రవేశం ముందు ఇంటివాళ్ళ చేతులకి డబ్బు ఆడదు. టైల్సు, పెయింటు, వంటవాళ్ళు, బట్టలు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. ఎలక్ట్రీషియన్ పని కళ్ళకి కనిపించదు కాబట్టి మన బాకీని ఎప్పుడూ చివరికి నెడతారు. ఆయన ఎగ్గొట్టే రకమో, ఇబ్బందిలో ఉండి నీ మీద నెపం పెడుతున్నాడో నువ్వే తేల్చుకోవాలి. రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. ఎగ్గొట్టేవాడు గృహప్రవేశానికి పిలవడు.

నీ 78,000 ఒకే ముద్ద అనుకోవడం మానెయ్యి. 46,000 సామానుకి షాపు బిల్లులున్నాయి. అవి పట్టుకెళ్ళి చూపిస్తే దాంట్లో వాదన లేదు. బిల్లులో షాపువాడు నీకు వదిలిన కమీషన్ ఉంటే, అది తీసేసిన ధర చూపించు. నీకు నచ్చకపోయినా చెబుతున్నాను. వైరు చుట్టల్లో కూపన్లు వస్తాయనీ, ఎంసీబీ డబ్బాలకి కంపెనీ బహుమతి పాయింట్లు పడతాయనీ ఇప్పుడు ప్రతి ఇంటాయనకీ తెలుసు. "పాయింట్ల లెక్కలో తేడా ఉంది" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఆ అనుమానమే. పైకి అడగలేక ఇంకోచోట పట్టుకుంటారు.

లేబరు లెక్కకి, ఒక కాగితం, పెన్ను పట్టుకుని ఆయనతో కలిసి గది గదీ తిరుగు. లైటు పాయింటు ఎన్ని, ఫ్యానువి ఎన్ని, 5 ఆంపియర్ల ప్లగ్గులెన్ని, పవర్ ప్లగ్గులెన్ని. మన పనిలో గొడవ వచ్చేది ఎప్పుడూ రెండుచోట్లే. స్విచ్చిబోర్డులోనే ఉన్న ప్లగ్గుని విడి పాయింటుగా వేస్తావా, మెట్ల దగ్గర రెండు స్విచ్చిల లైటుని ఒకటి వేస్తావా రెండు వేస్తావా. ముందు చెప్పుకోలేదు కాబట్టి ఈ రెండింట్లో తగ్గు. అక్కడ మూడు నాలుగు వేలు పోయినా పోనీ. ఆ తగ్గింపు ఆయన ముందే రాసి, ఆయన చేత సంతకం పెట్టించుకో. సంతకం ఎందుకంటే, బాకీ ఇంత ఉందని ఆయన రాతలో ఒప్పుకున్న రోజు నుంచి నీకు దావా గడువు కొత్తగా మొదలవుతుంది. మామూలుగా చేసిన పనికి డబ్బు రాబట్టే దావా మూడేళ్ళలో వెయ్యాలి.

22,000 అదనపు పనుల దగ్గర ఇంటావిడ పక్కనుండాలి. ఆయన లేనప్పుడు మాట్లాడమని కాదు, ఇద్దరూ ఉన్నప్పుడే. "అక్కా, పూజగదిలో లైటు ఎక్కడ పెట్టాలో మీరే చాక్‌పీసుతో గీశారు కదా" అను, అంతే. గొంతు పెంచకు. ఆవిడ చెప్పిందని ఒప్పుకుంటే ఆయనకి దారి లేదు. ఒప్పుకోకపోయినా, ఉచితంగా చేసే ఉద్దేశం లేకుండా చేసిన పనిని అవతలివాడు అనుభవిస్తుంటే దానికి వెల కట్టివ్వాలని కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చెబుతుంది. ఆ ఏసీ పాయింట్లలో ఏసీలు నడుస్తున్నాయి, మోటారు నీళ్ళు తోడుతోంది. పైపుల కోసం గోడకి గాడి కొట్టినప్పటి ఫొటోలు ఫోనులో ఉంటే వెతుకు. ఆవిడ "గేటు దగ్గర కూడా రెండు పెట్టు" అని పంపిన మెసేజీ ఉన్నా ఉంటుంది. ఉంటే చెరపకు, ఫోను మార్చినా జాగ్రత్త చేసుకో.

మొత్తం తేలాక రెండు విడతలు అడుగు. సామాను డబ్బు గృహప్రవేశం లోపు, నీకు కాదు, నేరుగా షాపు ఖాతాకే వేయించు. దాంతో నీ ఫోను మోగడం ఆగుతుంది. మిగతాది నెల తర్వాతి తేదీతో చెక్కు తీసుకో. చెక్కు వెనక్కి వస్తే, బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, అందిన 15 రోజుల్లో ఆయన కట్టాలి, కట్టకపోతే నెలలోపు కోర్టులో ఫిర్యాదు. మాట మీద బాకీకీ చెక్కు బాకీకీ ఉన్న తేడా ఆయనకీ తెలుసు.

ఇవేవీ కుదరకపోతే, పనుల జాబితా, తేదీలు, ముట్టిన డబ్బు, మిగిలిన బాకీ ఒక్క పేజీలో రాసి స్పీడ్ పోస్టులో పంపు, రసీదు దాచుకో. ఆ తర్వాత తెనాలి కోర్టుల దగ్గరి మండల న్యాయసేవల కమిటీకి వెళ్ళి దావా వెయ్యకముందే లోక్ అదాలత్‌లో పెట్టమని అడుగు. కోర్టు ఫీజు లేదు. వాళ్ళు ఆయనకి నోటీసు పంపి పిలుస్తారు. రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు ఉండదు. రాజీ కుదరకపోతే మాత్రం అది అక్కడితో ఆగిపోతుంది, మళ్ళీ సివిల్ దావాయే. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామని ఎవరైనా అంటే, అది నీ తలుపు కాదు. సేవ కొనుక్కున్న ఇంటాయన నీ మీద అక్కడికి వెళ్ళగలడు, సేవ అమ్మిన నువ్వు ఆయన మీద వెళ్ళలేవు. అందుకే పని సగంలో వదిలేసి అలిగి కూర్చోవద్దనేది కూడా.

తర్వాతి ఇంటి సంగతి నువ్వు అడగలేదు. కానీ దానికి సమాధానం లేకపోతే వచ్చే ఏడాది మళ్ళీ ఇదే ఉత్తరం రాస్తావు. షాపులో నీ పేరు మీద సామాను ఇంకెప్పుడూ తేవద్దు. జాబితా రాసిచ్చెయ్యి, కావాలంటే ఇంటాయనతో పాటు షాపుకి వెళ్ళు, డబ్బు ఆయన కట్టాలి. అక్కడ నీకు వచ్చే కమీషన్ పోతే, ఆ మేర లేబరు పెంచి అడుగు. దర్జాగా అడుగు.

లేబరు డబ్బు పనితోపాటే రావాలి. స్లాబు పైపులు వేశాక 20 శాతం. గోడ గాళ్ళు కొట్టి బాక్సులు పెట్టాక 25. వైరు లాగాక 30. స్విచ్చిలు, బోర్డు బిగించాక 20. టెస్టింగు రోజున 5. స్లాబు డబ్బు రాకపోతే గాడి కొట్టొద్దు. అప్పుడు ఆగితే ఆయనకి తాపీ మేస్త్రీ ఆగిపోతాడు, ప్లాస్టరింగు ఆగిపోతుంది, తనే ఫోను చేస్తాడు. పుట్టీ అయ్యి పెయింటు పడ్డాక నువ్వు ఆగినా ఎవరికీ ఇబ్బంది లేదు, నీకు తప్ప. చివరి 5 శాతం ఎంత చిన్నదంటే అది ఎగ్గొట్టడానికి ఎవరూ తగువు పెట్టుకోరు, దానికోసం రిపోర్టు ఆపాలని నీకూ అనిపించదు. కాగితానికీ డబ్బుకీ ముడి అక్కడే తెగిపోతుంది. ఇది ఒక ఎక్సర్‌సైజు పుస్తకంలో ఒక పేజీ, ఇద్దరి సంతకాలు. అదనపు పని ఏదొచ్చినా అదే పేజీ కింద ఒక వరస, పక్కన రేటు, చెప్పినవాళ్ళ పొట్టి సంతకం. ఇంటావిడ చెబితే ఇంటావిడ సంతకమే.

గాడి కొట్టి పైపు పెట్టాక, ప్లాస్టరింగు ముందు, ప్రతి గోడ ఫొటో తియ్యి. టేపు ఆనించి తియ్యి. అది పాయింట్ల లెక్కకి సాక్ష్యం. రేపు వాళ్ళు టీవీ బిగించడానికి డ్రిల్లు పెట్టేటప్పుడు పైపు ఎక్కడుందో చెప్పేది కూడా అదే. ఒక కాపీ ఇంటాయనకి పంపు. గోడలో ఏముందో చూపించినవాడి లెక్కని అనుమానించడం కష్టం.

బిల్డర్లకి, అపార్టుమెంట్లకి పనిచేసే ఉద్దేశం ఉంటే చిన్న సంస్థగా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకో, ఆన్‌లైన్లో ఉచితం. చిన్న సంస్థలకి డబ్బు ఎగ్గొట్టేవాళ్ళ మీద 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఉంది. ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి ఆపకూడదు, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. పని మొదలుపెట్టక ముందే రిజిస్ట్రేషన్ ఉండాలి. సామానుతో కలిపి ఒప్పుకున్న వర్క్స్ కాంట్రాక్టులకి ఇది వర్తిస్తుందా అన్న దానిమీద కోర్టులు ఒక్కమాట మీద లేవు, అదీ గుర్తుపెట్టుకో. ఈ తెనాలి ఇంటికి మాత్రం ఇది పనికిరాదు, వెనక తేదీతో చేయించినా ప్రయోజనం లేదు.

పదేళ్ళ అనుభవం ఉన్నవాడివి, సూపర్‌వైజర్ సర్టిఫికెట్‌కి చదువు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్ళి నీ ఐటీఐకి, నీ పర్మిట్‌కి ఏది అర్హతో అడుగు. దాని తర్వాత కాంట్రాక్టర్ లైసెన్సు. సొంత మెగ్గర్, ఎర్త్ టెస్టర్ కొనుక్కో. అద్దెకి తెచ్చుకున్న పరికరం సాయంత్రంలోపు తిరిగివ్వాలి, అందుకే టెస్టింగు ఎప్పుడూ హడావుడిగా జరుగుతుంది. నీ సంతకం నీది అయ్యాక, దాన్ని 1,500కి అడిగే కుర్రాళ్ళు నీ దగ్గరికీ వస్తారు. వాళ్ళ వెంట వెళ్ళి ఇల్లు చూశాకే పెట్టు.

గృహప్రవేశానికి వెళ్ళాలా అన్నావు. వెళ్ళు. డబ్బు మాట ఆ రోజు ఎత్తకు, భోజనం చేసి రా. టెస్టర్ జేబులో వేసుకుని వెళ్ళు. షామియానా వాడు సీరియల్ సెట్లకి వైరు ఎక్కడినుంచి లాగాడో ఒకసారి చూడు. మామూలుగా మెయిన్ బోర్డు మూత తీసి, ఆర్‌సీసీబీకి ముందునుంచి రెండు తీగలు గుచ్చేసి ఉంటారు, ఆ తీగలు తడి నేలమీద పిల్లల కాళ్ళకింద పడుంటాయి. తీయించి, ప్లగ్గులోంచి పెట్టించు.